సైనికుని తుదిపుట



ఈ ప్రాంతమున జనించి, సైన్యమున కొలువు చేసి, కీర్తిశేషులైన వారి స్మృత్యర్థము జహీరాబాదులో ఈ సభ ఏర్పాటైనది. యుద్ధభూమిలో ప్రాణములర్పించిన వీరులను స్మరించుట మనకు అలవాటైన పని. వారికి శిలాఫలకములున్నవి, పూలమాలలున్నవి, ఏటేట డిసెంబరు 7వ తేదీన పతాకదినోత్సవము కలదు. నేను నేడు ప్రస్తావింపదలచినది ప్రాణములతో తిరిగివచ్చియు గౌరవముతో తిరిగిరాలేకపోయిన సిపాయి సంగతి. శిక్షగానో, అనర్హత పేరిటనో, ఇక నీ సేవ అక్కరలేదన్న ఒక్కమాటతోనో కొలువునుండి తొలగింపబడి, ఆ తొలగింపు అన్యాయమనియు, దానిని రద్దుచేసి తనకు గౌరవముతో కూడిన విముక్తి ననుగ్రహింపుమనియు ఏలినవారికి అర్జీ పెట్టుకొన్న సైనికుని కథకు రెండువందల యేండ్ల చరిత్ర కలదు. ఆ చరిత్రనంతయు పరికించిన పిదప నా మనస్సున నిలిచిన సత్యమొక్కటే: సైనికుని గూర్చి రాజ్యము వ్రాసిన తుదివాక్యము పునర్విచారణకు అతీతముగా ఎన్నడును ఉండరాదు, తప్పని తేలినపుడు దానిని, ఆ సైనికుడు బ్రతికియుండగనే, దిద్దుట రాజ్యధర్మము.

మాజీ సైనికుల యిండ్లలో ఇనుపపెట్టె అడుగున, గుడ్డలో చుట్టి భద్రపరచిన డిశ్చార్జి బుక్కును మీలో పెక్కురు చూచియే యుందురు. అందు సైనికుని నంబరు, హోదా, చేరిన తేదీ, విడిచిన తేదీ, దేహముపైని పుట్టుమచ్చలు, ఆరోగ్యస్థితి వరుసగా వ్రాయబడి యుండును. వానికి తోడు రెండు గడులు కలవు: కొలువునుండి విడుదల యగుటకు కారణమేమి యన్నది ఒకటి, నడవడి యెట్టిదన్నది రెండవది. ఎగ్జెంప్లరీ యనియో, వెరీ గుడ్ అనియో, గుడ్ అనియో, ఫెయిర్ అనియో అచట పడిన మాటయే తరువాతి జీవితమున కంతకును సాక్ష్యమగును. బ్యాంకులో కావలివాని కొలువునకు పోయినను, పిల్లల చదువునకై రాయితీ కోరినను, అధికారి మొదట తిరుగవేయునది ఆ పుటనే. సామాన్య సిపాయికి సేవాపింఛను రావలెనన్న పదునైదేండ్ల సేవ నిండవలెను. డిస్మిస్ అయినవానికి, ఎన్ని యేండ్లు సేవచేసినను, సాధారణముగా ఆ పింఛను లేదు. కావున ఆ గడులలోని నాలుగు మాటలు అతని కూటిని, గూటిని, ఊరిలో అతని పరువును నిర్ణయించునవి.

మద్రాసు సైన్యమున తెలుగువారును కొలువుచేయుచుండిన దినములలో, 1806 జూలై 10వ తేదీ వేకువను, వేలూరు కోటలో సిపాయిలు తిరుగబడిరి. నొసట మతచిహ్నములు ధరింపరాదనియు, గడ్డములు తీసివేయవలెననియు, తోలుతురాయి గల క్రొత్త తలపాగా పెట్టుకొనవలెననియు అంతకు ముందు వెలువడిన యుత్తరువులు అందులకొక ముఖ్యకారణము. ఆ తలపాగాను తొలుత నిరాకరించిన సిపాయిలలో ఇరువురిని కొరడాలతో కొట్టించి కొలువునుండి వెడలగొట్టిరి. తిరుగుబాటు ఆర్కాటునుండి వచ్చిన గిలెస్పీ చేత కొన్ని గంటలలోనే అణచబడెను. వందలకొలది సిపాయిలు చంపబడిరి. పాల్గొన్న రెజిమెంట్ల పేరులే సైన్యపట్టికనుండి కొట్టివేయబడెను. వివాదమునకు మూలమైన యుత్తరువును మాత్రము సర్కారువారు తరువాత తామే రద్దుచేసికొనిరి! అప్పటి మద్రాసు గవర్నరు విలియం బెంటింకు దొర 1807లో పదవినుండి వెనుకకు పిలువబడెను. అతడు తనకు అన్యాయము జరిగినదని ఈస్టిండియా కంపెనీ డైరెక్టర్లకు దీర్ఘమైన విజ్ఞాపన వ్రాసి, 1810లో అచ్చొత్తించెను. 1828లో గవర్నరు జనరలుగా భారతదేశమునకు తిరిగివచ్చెను. కళంకమును కడిగికొనుటకు గవర్నరునకు కాగితముండెను, కలముండెను, వినువారుండిరి. కొరడాదెబ్బలు తిని కోటవాకిట నిలిచిన సిపాయికి ఆ మూడింటిలో ఒక్కటియు లేకుండెను. ఈ అంతరమును పూడ్చుటకు జరిగిన ప్రయత్నమే మనము తడవుచున్న చరిత్ర.

దేశాంతరమున జరిగిన యొక ఉదంతము ఇచట స్మరణీయము. అమెరికాలోని టెక్సాసు రాష్ట్రమున బ్రౌన్స్‌విల్ అను పట్టణములో 1906 ఆగస్టున ఒక రాత్రి కాల్పులు జరిగి యొకడు మరణించెను. ఆ నేరము సమీపమున విడిసియుండిన నల్లజాతి సైనికులపై మోపబడినది. ఏ న్యాయస్థానమును విచారింపలేదు. ఎవడు కాల్చెనో తేలలేదు. అయినను అధ్యక్షుడు థియొడోర్ రూజ్‌వెల్టు ఆజ్ఞచే 167 మంది గౌరవరహితముగా తొలగింపబడిరి. సెనేటరు ఫోరేకరు వారి పక్షమున ఎంత వాదించినను కొద్దిమందికి మాత్రమే తిరిగి చేరుటకు అనుమతి లభించెను. అరువదియారేండ్ల తరువాత, 1972లో, ఆ దేశపు సైన్యశాఖ ఆ నిర్ణయమును తిరుగవ్రాసి అందరికిని గౌరవవిముక్తి ప్రకటించెను. అప్పటికి దాదాపు అందరును గతించియుండిరి. మిగిలిన డార్సీ విల్లిస్ అను వృద్ధుడు దశాబ్దములపాటు ఇతరుల బూట్లకు పాలిషు పెట్టి జీవించినవాడు. అతనికి 25,000 డాలర్లు పరిహారముగా ముట్టినవి. ఈలోపల, 1944 నాటి సైనిక పునరావాస చట్టము వలన ఆ దేశమున విముక్తిపత్రములను పునఃపరిశీలించు మండలులును, 1946లో సైనిక రికార్డులను దిద్దు మండలులును వెలసినవి. సైనికుడు తన తుదిపుటను మార్చుమని అడుగుట ధిక్కారమగునన్న భావము అక్కడ అట్లు చట్టముచేతనే తొలగినది.

మన దేశమున ఈ సమస్య మిక్కిలి తీవ్రముగా తలయెత్తినది ఎఱ్ఱకోటలో. 1945 నవంబరు 5న ఆజాద్ హింద్ ఫౌజు నాయకులగు షానవాజ్ ఖాన్, ప్రేమ్ సహగల్, గురుబక్ష్ సింగ్ ధిల్లాన్ అచట సైనిక న్యాయస్థానము నెదుట నిలిచిరి. భూలాభాయి దేశాయి వారి పక్షమున వాదించెను. ఆ సంవత్సరము ముగియకమునుపే వారికి యావజ్జీవ ద్వీపాంతరవాసమును, కొలువునుండి బహిష్కారమును, జీతపు బకాయిల జప్తును విధింపబడినవి. దేశమంతయు అట్టుడికిపోవుచుండగా, సేనాధిపతి ఆకిన్‌లెక్ 1946 జనవరి ఆరంభమున ద్వీపాంతరవాసమును తొలగించెను గాని, బహిష్కారమును, జప్తును మాత్రము స్థిరపరచెను. చెర విడిపింపవచ్చును గాని మచ్చ తుడువరాదన్న సైనికనీతి అందు స్పష్టముగా కానవచ్చుచున్నది. ఆ ఫిబ్రవరిలోనే బొంబాయిలోని తల్వార్ నౌకాస్థావరమున నావికులు సమ్మె కట్టిరి. విశాఖపట్టణము వరకును ఆ సెగ ప్రాకెను. దాని ఫలితముగా 476 మంది నావికులు కొలువు కోల్పోయిరి.

స్వరాజ్యము వచ్చినది. షానవాజ్ ఖాన్ కేంద్రమున మంత్రి కాగలిగెను. 1943లో నేతాజీ వెంట జలాంతర్గామిలో ప్రయాణించిన మన హైదరాబాదు బిడ్డ ఆబిద్ హసన్ సఫ్రానీ విదేశాంగసేవలో చేరి రాయబారి కాగలిగెను. సైన్యమున తిరిగి చేర్చుకొమ్మన్న ఫౌజు సిపాయిల కోరికను మాత్రము 1948లో స్వతంత్ర ప్రభుత్వము సయితము అంగీకరింపలేదు. పిమ్మట 1972లో, స్వాతంత్ర్య రజతోత్సవ సందర్భమున, స్వాతంత్ర్యయోధుల పింఛను పథకము వెలువడినపుడు గాని వారి సేవకు జాతీయగౌరవము ఆ రూపమున దక్కలేదు. బ్రౌన్స్‌విల్ సైనికులకు న్యాయము జరిగినదియు ఆ యేటనే. అచట పత్రము మారినది గాని పోయిన జీతము తిరిగిరాలేదు. ఇచట పింఛను వచ్చినది గాని పోయిన కొలువు తిరిగిరాలేదు. రెండు దేశములందును న్యాయము వచ్చునప్పటికి ఆ సిపాయిల యౌవనము గడచిపోయినది.

ఇక మన ఊరి బాట. షోలాపూరునుండి బయలుదేరిన భారతసేనలు 1948 సెప్టెంబరు 13న నిజాము రాజ్యమున ప్రవేశించి, నల్దుర్గు, హుమ్నాబాదుల మీదుగా వచ్చి, 16వ తేదీన జహీరాబాదు దిక్కునకు సాగినవి. దారిలో పాతిన మందుపాతరలను తొలగించుటకు వారికి కొంత ఆలస్యమయ్యెను. బీదరు బాట కలియు కూడలియొద్ద పొంచియున్నవారు కాల్పులు జరిపిరి. అయినను ఆ చీకటిపడునప్పటికి సేనలు జహీరాబాదు దాటి పదునైదు కిలోమీటర్లు ముందునకు పోయినవి. మరునాటి సాయంకాలము నిజాము యుద్ధవిరమణ ప్రకటించెను. 18న హైదరాబాదు సేనాపతి ఎల్ ఎద్రూసు, మేజర్ జనరల్ జె.ఎన్.చౌధురికి లొంగిపోయెను. ఈ ప్రాంతపు ప్రజలకు స్వేచ్ఛ లభించిన ఆ ఘట్టమును మనము సంతోషముతోనే స్మరింతుము. అయినను రాజ్యమే అస్తమించినపుడు దాని జీతముపై బ్రతుకుచుండిన సిపాయి గతియేమన్న ప్రశ్న ఆ సంతోషము వలన మాసిపోదు. రజాకారుల దురాగతములలో పాలుగొన్నవాడు వేరు, బ్యారక్కులో కవాతు చేసి నెలజీతము పుచ్చుకొన్నవాడు వేరు. ఇట్టి వేళలయందు ప్రతివాని చర్యను విడివిడిగా విచారించి, ఎవని పత్రమును వానికి తగినట్లు వ్రాయుటయే న్యాయము.

గణతంత్రమునకు పూనుకొన్న యేడే, 1950లో, సైనికచట్టము వచ్చినది. దాని 23వ విభాగమును మీరందరును శ్రద్ధగా వినగోరెదను. కొలువునుండి ఏ రీతిగా తొలగిన సిపాయికైనను, తొలగించిన అధికారి యెవరో, కారణమేమో, సేవాకాలమెంతయో తెలుపు పత్రమును కమాండింగ్ ఆఫీసరు ఆంగ్లముననే కాక ఆ సిపాయి మాతృభాషయందును ఈయవలెనని అందు శాసింపబడినది. మన జిల్లా కుఱ్ఱవాని పత్రము తెలుగుననో, ఉర్దూననో, కన్నడముననో అతని కందవలెనన్నమాట. తనపై వ్రాసినదేమో తానే చదువుకొనగలిగిననే గదా, సిపాయి దానిని ఖండింపగలుగుట!

న్యాయస్థానములు ఆ చట్టమునకు క్రమముగా మానవత్వమును జోడించినవి. రంజిత్ ఠాకూర్ అను సిగ్నల్‌మన్ తన పై అధికారిపై నేరుగా ఉన్నతాధికారులకు ఫిర్యాదు పంపినందులకు శిక్షింపబడెను. ఆ శిక్ష అనుభవించుచు, తినుమన్నపుడు అన్నము తిననన్నాడని సమ్మరీ కోర్టు మార్షల్ జరిపి, ఏడాది కఠినశిక్ష విధించి డిస్మిస్ చేసిరి. అతడెవరిపై ఫిర్యాదు చేసెనో ఆ అధికారియే తీర్పరులలో నుండెను. 1987లో సుప్రీంకోర్టు ఆ విచారణ పక్షపాతదూషితమనియు, శిక్ష తప్పునకు మించినదనియు నిర్ణయించి అతనిని తిరిగి కొలువున నిలిపెను. రెడ్ ఇంకు ఎంట్రీలు, అనగా ఎఱ్ఱసిరాతో నమోదగు శిక్షలు, నాలుగు పడినచో సిపాయిని ఇంటికి పంపుట సైన్యమున నొక వాడుక. సైన్యప్రధాన కార్యాలయమే 1988 డిసెంబరులో వ్రాసిన లేఖలో, ఆ సంఖ్యయే తుదికారణము కారాదనియు, ముందు విచారణ జరుపవలెననియు, సిపాయి ఎంత దీర్ఘకాలము సేవించెనో, ఎట్టి కఠినస్థలములలో సేవించెనో చూడవలెననియు సూచించినది. 2015లో వీరేంద్ర కుమార్ దుబే వ్యాజ్యమున సుప్రీంకోర్టు ఆ సూచనను పాటింపని తొలగింపు చెల్లదని తీర్పు చెప్పి, పింఛనుకు వలయు కాలమువరకు అతడు సేవలోనే యున్నట్లు భావింపవలెనని ఆదేశించెను. మరియు 2007 నాటి చట్టముచే సాయుధదళముల ట్రిబ్యునల్ ఏర్పడి, 2009 ఆగస్టు 8న ప్రారంభమైనది. మన రెండు తెలుగు రాష్ట్రములును దాని చెన్నై ధర్మాసనపు పరిధిలోనివి.

ఇట్లు తీర్పులు తిరుగదోడుచుండిన క్రమశిక్షణ సడలునని కొందరు పెద్దలు శంకింతురు. ఆ శంక తేలికగా త్రోసివేయదగినది కాదు. ఆజ్ఞ పాటింపని సైన్యము దేశమునకే ముప్పు. అయినను క్రమశిక్షణకు బలము భయము కంటె విశ్వాసము వలన హెచ్చుగా కలుగును. తన అధికారి పొరపడినను ఆ పైవాడు వినునని నమ్మిన సిపాయియే సియాచిన్ మంచులో ఆజ్ఞకు తలయొగ్గి నిలుచును. నిజముగా నేరము చేసినవాని పత్రము విచారణానంతరము కూడ అట్లే యుండును. నిరపరాధి పత్రము మాత్రమే మారును. దీనివలన సైన్యమునకు కలుగు నష్టమేమి?

కావున, సభాసదులారా, నేను కోరునవి మూడు. తొలగింపబడిన ప్రతి సిపాయికి అతని మాతృభాషలోని పత్రము చట్టప్రకారము చేతికందవలెను. అందకున్న దానిని అడిగి తీసికొనుటకు సైనిక సంక్షేమ కార్యాలయము తోడ్పడవలెను. రెండవది, ట్రిబ్యునల్‌కు పోవుటకు తుది యుత్తరువు నాటినుండి ఆరునెలల గడువే సామాన్యముగా కలదు గనుక, ఆ సంగతిని తొలగింపు నాడే అతనికి తెలుపవలెను. న్యాయసేవాధికార సంస్థవారు ఉచితముగా అర్జీ వ్రాసియీయవలెను. మూడవది మనవంతు. సైన్యమునుండి అర్ధాంతరముగా తిరిగివచ్చినవానిని చూచి, ఏదో తప్పు చేసియుండునని రచ్చబండమీద తీర్పు చెప్పుట మానవలెను. అతని పెట్టెలోని కాగితములు తెరిపించి, చదువుకొన్నవారొకరు ప్రక్కన కూర్చుండి, తేదీలను సరిచూచి, సికిందరాబాదులోనో, మరియెచటనో యున్న అతని రికార్డు ఆఫీసునకు మొదటి ఉత్తరము వ్రాసిపెట్టవలెను. గౌరవముతో మరణించినవారిని స్మరించుటకు సమావేశమైన మనము, గౌరవము కోరుచు బ్రతికియున్నవారికి ఈపాటి సాయము చేయుదుమేని, ఈ స్మారకసభ సార్థకమగును.