టికెట్టు తిరిగి కౌంటరుకే రావాలి

(గోదావరిఖనిలో జరిగిన విశ్రాంత ఉద్యోగుల వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఇలాంటి సభల్లో మనం పింఛను గురించీ, వైద్య సదుపాయం గురించీ మాట్లాడుకుంటాం. ఆ విషయాలు నాకంటే బాగా తెలిసినవారు ఇప్పటికే చెప్పారు. "పెద్దలకూ పిల్లలకూ పనికొచ్చేది ఏదైనా చెప్పండి" అని కార్యదర్శిగారు నాకు పదిహేను నిమిషాలిచ్చారు. అందుకని క్రికెట్ టికెట్టు గురించి మాట్లాడదలిచాను. నవ్వకండి. వేసవి వచ్చిందంటే మన ఇళ్లలో ఐపీఎల్ తప్ప వేరే మాట ఉండదు. ఉప్పల్ స్టేడియం మనకు 200 కిలోమీటర్లకు పైగా దూరమైనా, దాని ఖర్చు మాత్రం నేరుగా మన పింఛను దాకా వస్తున్నది. మనవడు అడిగితే కాదనగలిగే తాత ఈ హాలులో ఎందరున్నారో చేతులెత్తమంటే ఒక్క చెయ్యీ లేవదని నాకు తెలుసు.

ముందుగా ఆడవాళ్ల కోసం, ఆట చూడని పెద్దల కోసం ఒక్క మాట. ఐపీఎల్‌లో జట్లన్నీ ఆడే లీగు దశ ముగిశాక, మొదటి నాలుగు స్థానాల్లో నిలిచిన జట్లు ఆడే ఆఖరి నాలుగు మ్యాచ్‌లనే ప్లేఆఫ్ అంటారు. ఏ జట్టు వస్తుందో చివరి రోజుల దాకా తేలదు. టికెట్టు మాత్రం ముందే కొనాలి. పెళ్లికొడుకు ఎవరో తెలియక ముందే శుభలేఖ కొన్నట్టు అన్నమాట.

2019 మే నెలలో ఈ ప్లేఆఫ్ మ్యాచ్‌లు చాలావరకు మన తెలుగు రాష్ట్రాలకే వచ్చాయి. ఫైనల్ చెన్నైలో జరగవలసింది. అక్కడి స్టేడియంలో మూడు స్టాండ్లు తెరవడానికి అనుమతి రాకపోవడంతో దాన్ని హైదరాబాదుకు మార్చారు. ఎలిమినేటర్, రెండో క్వాలిఫయర్ విశాఖపట్నంలో పెట్టారు. మే 8న విశాఖలో మన సన్‌రైజర్స్ ఢిల్లీ చేతిలో 2 వికెట్ల తేడాతో ఓడి ఇంటికి వచ్చింది. మే 12న ఉప్పల్‌లో ముంబయి జట్టు చెన్నై మీద ఒకే ఒక్క పరుగుతో గెలిచింది. ఆ ఫైనల్ టికెట్లు అమ్మకం మొదలైన నిమిషాల్లోనే అయిపోయాయని అభిమానులు గగ్గోలు పెట్టారు.

ఇప్పుడు ఇద్దరు మనుషుల్ని తలచుకోండి. మొదటివాడు తన జట్టు వస్తుందన్న ఆశతో టికెట్టు కొన్నాడు. జట్టు ఓడింది. లేదా ఇంట్లో ఎవరికో జ్వరం వచ్చింది, ప్రయాణం ఆగింది. వాడు తన టికెట్టు ఎవరికైనా ఇచ్చి, పెట్టిన డబ్బు తెచ్చుకోవాలనుకుంటాడు. అందులో తప్పేమున్నది? రెండోవాడు ఆట చూడాలని కొనలేదు. పది టికెట్లు కొని, అవి దొరకనివాళ్ల ఆశ మీద బతకాలని కొన్నాడు. ఇద్దరూ టికెట్టు అమ్మేవాళ్లే. కానీ ఇద్దరినీ ఒకే గాటన కట్టకూడదు. ఇక్కడే చట్టమూ, మనమూ తడబడుతున్నాం.

బ్లాకు టికెట్టు మన తరానికి కొత్త కాదు. జీతాల రోజు తరువాత వచ్చే ఆదివారం సినిమా హాలు ముందు పరిస్థితి ఇక్కడున్న అందరికీ గుర్తే. మొదటి షిఫ్టు దిగి, స్నానం చేసి, భార్యాపిల్లలతో హాలు దగ్గరకు చేరేసరికి హౌస్‌ఫుల్ బోర్డు వేలాడేది. పక్క సందులోంచి "పదికి ఇరవై, పదికి ఇరవై" అని మెల్లగా వినబడేది. ఆడవాళ్ల లైను చిన్నగా ఉంటుందని బ్లాకువాళ్లు ఆడవాళ్లనే కూలికి నిలబెట్టేవారు. ఆ కూలి ఎంతో తక్కువ. లాభం వెనకున్నవాడిది. ఇప్పుడు కూలికి నిలబడే మనిషి స్థానంలో కంప్యూటరు ప్రోగ్రాము వచ్చింది. అది ఒక్క క్షణంలో వందసార్లు లైనులో నిలబడుతుంది. మన పిల్లలుంటున్న అమెరికాలో బేస్‌బాల్ ప్లేఆఫ్‌లకూ, పాటకచేరీలకూ ఇదే గొడవ. అక్కడ 2016లో ఇలాంటి ప్రోగ్రాములతో టికెట్లు ఊడ్చుకుపోవడాన్ని నిషేధిస్తూ చట్టం చేశారు. ఇంగ్లండులో ఫుట్‌బాల్ టికెట్టు అనుమతి లేకుండా తిరిగి అమ్మడం 1994 నుంచీ నేరమే.

ఈ బ్లాకు ఎందుకు పుడుతుంది? నేను నా ఉద్యోగంలో ఎక్కువ కాలం బొగ్గు అమ్మకాల కాగితాలతో గడిపాను. డెలివరీ ఆర్డరు, లారీ నంబరు, కాంటా చీటీ, ఇవే నా లోకం. కాబట్టి నాకు తెలిసిన సరుకుతోనే చెబుతాను. బొగ్గుకు ఒక ప్రకటిత ధర ఉండేది. బయట బజారులో దాని ధర అంతకంటే చాలా ఎక్కువ. ఆ రెంటి మధ్య తేడా ఎవరో ఒకరి జేబులోకి పోక తప్పదు. దేశమంతటా కొందరు చిన్న పరిశ్రమ పేరున కోటా సంపాదించి, పొయ్యి వెలిగించకుండానే ఆ బొగ్గును బజారులో అమ్ముకున్నారు. అదీ బ్లాకు టికెట్టే! కాకపోతే అది లారీలో పోయింది.

దీనికి విరుగుడుగా ఈ-వేలం తెచ్చారు. 2006 డిసెంబరులో సుప్రీంకోర్టు అప్పటి ఈ-వేలం పద్ధతిని కొట్టివేసింది. 2007 అక్టోబరులో వచ్చిన నూతన బొగ్గు పంపిణీ విధానం ఉత్పత్తిలో సుమారు 10 శాతాన్ని మళ్లీ ఈ-వేలానికి విడిచిపెట్టింది. ఏడాదికి 4,200 టన్నుల లోపు అవసరమున్న చిన్న వినియోగదారులకు రాష్ట్ర ప్రభుత్వాల ఏజెన్సీల ద్వారా బొగ్గు ఇవ్వాలన్నది. ఈ రెండు ఏర్పాట్లూ పక్కపక్కనే ఎందుకు ఉన్నాయో గమనించండి. వేలం పెడితే మధ్యవాడు తప్పుకుంటాడు, తేడా డబ్బు కంపెనీకి వస్తుంది. నిజమే. కానీ ఇటుక బట్టీ పెట్టుకున్న చిన్నవాడు వేలంలో పెద్దవాడితో పాడలేడు. వాడికి వేరే దారి చూపక తప్పలేదు.

టికెట్టుకూ ఇదే లెక్క. "బ్లాకులో ఎలాగూ పెద్ద ధర పలుకుతున్నది కదా, ఆ ధర మేమే పెడతాం" అని నిర్వాహకులు అనవచ్చు. కొత్త సినిమాలకు ప్రభుత్వ ఉత్తర్వులతో రేట్లు పెంచుకోవడం మనం చూశాం. అప్పుడు బ్లాకువాడు తగ్గుతాడు, కానీ మన ఇంటి పిల్లవాడికి సీటు రాదు. పైగా 2025 సెప్టెంబరు 22 నుంచి ఐపీఎల్ టికెట్టు మీద జీఎస్టీ 28 నుంచి 40 శాతమైంది. 1,000 రూపాయల టికెట్టుకు 400 పన్ను. కౌంటరులో కొన్నవాడు ఆ పన్ను కట్టాడు. దాన్నే 5,000కు అమ్ముకున్న బ్లాకువాడు తన లాభం మీద ఎవరికీ ఏ లెక్కా చెప్పడు.

పోనీ, పాత పద్ధతిలో అందరినీ లైనులో నిలబెడదామా? 2022 సెప్టెంబరు 22న సికింద్రాబాదు జింఖానా మైదానంలో ఏమైందో గుర్తుచేసుకోండి. భారత్, ఆస్ట్రేలియా టీ20 మ్యాచ్ టికెట్ల కోసం వేలమంది వచ్చారు. దాదాపు మూడేళ్ల తరువాత హైదరాబాదులో అంతర్జాతీయ మ్యాచ్. తొక్కిసలాట జరిగింది, లాఠీలు లేచాయి, పలువురు గాయపడ్డారు. ఆట చూద్దామని వెళ్లిన పిల్లలు ఆసుపత్రిలో తేలారు.

మరి మార్గమేమిటి? మనకు బాగా తెలిసిన రెండు చోట్ల అది ఉన్నది. ఒకటి మన ల్యాంపు రూము. బాయి దిగే ప్రతివాడికీ తన నంబరు టోకెను. ఒకరి టోకెను మీద ఇంకొకరు దిగడానికి లేదు. లోపల ఎవరున్నారో, ఎవరు పైకొచ్చారో ఆ టోకెనే చెప్పేది. అది ప్రాణానికి సంబంధించిన లెక్క గనుక ఎవరూ సడలించలేదు. స్టేడియంలోనూ తొక్కిసలాట జరిగితే లోపల ఎవరున్నారన్నది ప్రాణానికి సంబంధించిన లెక్కే కదా.

రెండోది రైల్వే. రామగుండం స్టేషనులో రిజర్వేషను టికెట్టు కొంటే అది మన పేరునే ఉంటుంది. ప్రయాణం కుదరకపోతే సందులో అమ్ముకోం. కౌంటరుకు తిరిగి ఇస్తాం, కొంత కోసుకుని మిగతాది ఇస్తారు. ఆ బెర్తు వెయిటింగ్ లిస్టులో ముందున్నవాడికి పోతుంది. వాడెవరో మనకు తెలియదు, మనమెవరో వాడికి తెలియదు, అయినా ఇద్దరికీ న్యాయం జరుగుతుంది. అనుమతి లేకుండా రైలు టికెట్ల వ్యాపారం చేస్తే 1989 రైల్వే చట్టం 143వ సెక్షను కింద మూడేళ్ల దాకా జైలు, 10,000 రూపాయల దాకా జరిమానా. దొంగ ఐడీలు సృష్టించి ఇంటర్నెట్టులో టికెట్లు కొట్టేయడమూ ఈ సెక్షను కిందికే వస్తుందని 2025 జనవరిలో సుప్రీంకోర్టు తేల్చింది. 2025 జులై 1 నుంచి తత్కాల్ టికెట్టు ఇంటర్నెట్టులో తీయాలంటే ఆధార్ ధ్రువీకరణ తప్పనిసరి చేశారు. రైల్వేలో ఏజెంట్ల బెడద పూర్తిగా పోయిందని నేననను. కానీ టికెట్టు కౌంటరుకు తిరిగి వచ్చే దారి ఒకటున్నది. క్రికెట్టుకు కావలసింది అదే. మీద పేరు, వెనక్కి ఇస్తే అసలు డబ్బు, ఆ సీటు వరుసలో తరువాతివాడికి. అప్పుడు నేను ముందు చెప్పిన మొదటి మనిషికి నష్టం లేదు, రెండోవాడికి వ్యాపారం లేదు.

చట్టం కూడా కొంత కదిలింది. 2024 జులై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 112వ సెక్షను, ముఠాగా చేసే చిన్న నేరాల జాబితాలో అనధికారికంగా టికెట్లు అమ్మడాన్ని కూడా చేర్చింది. ఏడాదికి తక్కువ కాకుండా, ఏడేళ్ల దాకా జైలు. జేబుదొంగతనం, మట్కా సరసన దాన్ని నిలబెట్టారు. మన పిల్లల్లో ఎవరైనా సరదాకు నాలుగు టికెట్లు కొని గుంపుగా అమ్ముదామనుకుంటే ఈ సంగతి ముందే చెప్పండి.

ఇక మన ఇళ్ల సంగతి. మొన్నటి వేసవిలో మా మనవడు ఫోనులో అడిగాడు.

"తాతా, ఐదు వేలు కొట్టు. టికెట్ ఫోన్లకే వస్తది."

"ఎవరు పంపుతున్నడురా?"

"ఒక అన్న. గ్రూపుల ఉన్నడు."

"టికెట్ మీద పేరెవరిది?"

"పేరుండదు తాతా. నల్ల చుక్కల డబ్బా ఉంటది, గంతే."

ఆ నల్ల చుక్కల డబ్బానే క్యూఆర్ కోడ్ అంటారు. దాన్ని ఫొటో తీసి ఒకే టికెట్టును ఐదుగురికి అమ్మవచ్చు. గేటు దగ్గర మొదట చూపినవాడు లోపలికి పోతాడు, మిగతా నలుగురూ బయట నిలబడతారు. అమ్మినవాడి ఫోను అప్పటికే మూగబోతుంది. ఈ మాట చెప్పగానే వాడు కాసేపు అలిగాడు, తరువాత స్నేహితులతో కలిసి టీవీ ముందు కూర్చున్నాడు.

అందుకని మీకు నాలుగు మనవులు. మొదటిది, టికెట్టు అధికారికంగా అమ్మేచోటు తప్ప ఎవరికీ ముందుగా డబ్బు పంపవద్దు. రెండోది, మన పేరున ఉన్న ఫోను నంబరు, ఆధార్, రైల్వే ఐడీ "ఒక్క టికెట్టుకే" అన్నా ఇతరులకు ఇవ్వవద్దు. మనం వాడకుండా ఊరికే ఉంచిన ఐడీలే ఏజెంట్లకు పెట్టుబడి. రేపు కేసయితే పేరు మనదే ఉంటుంది. మూడోది, డబ్బు పోతే సిగ్గుపడి దాచవద్దు. వెంటనే 1930కి ఫోను చేయండి. ఎంత తొందరగా చేస్తే డబ్బు ఆగే అవకాశం అంత ఎక్కువ. పింఛను పోగొట్టుకున్న పెద్దాయన కొడుకు ఏమంటాడోనని వారం రోజులు నోరు విప్పకపోవడమే దొంగకు కలిసివస్తున్నది. నాలుగోది, ఈ మ్యాచ్ కాకపోతే ఇంకో మ్యాచ్ అనడం పిల్లలకు నేర్పుదాం. ఇవాళే చూడాలి, ఎంతైనా పెడతాననే మనిషి ఉన్నంతకాలం వాడి కోసం సందులో ఒకడు నిలబడే ఉంటాడు.

మన సంఘం తరఫున కూడా ఒక పని చేయవచ్చు. పేరున్న టికెట్టు, కౌంటరుకు తిరిగి ఇచ్చే సౌకర్యం, వృద్ధులకూ దూరప్రాంతాలవారికీ కొన్ని సీట్లు కావాలని కోరుతూ రాష్ట్ర క్రీడాశాఖకూ, క్రికెట్ సంఘానికీ ఒక వినతిపత్రం పంపుదాం. పింఛను వినతిపత్రాలు రాసి రాసి మన చేయి బాగా తిరిగింది కదా, ఇంకొకటి మనకు బరువు కాదు. కార్యవర్గం దీన్ని పరిశీలించాలని కోరుతున్నాను.