పాత పటాలను ఇంటర్నెట్‌లో పెట్టేముందు



ఆర్క్‌వ్యూ కాలంలో కంప్యూటర్‌పై గీసిన కరీంనగర్, ఆదిలాబాద్ పటాలను ఇంటర్నెట్‌లో పెడదామని మనం అనుకుంటున్నాం. మంచిదే. కాని ఆ పటం ఒక్క ఫైలు కాదు. గీతలు ఎస్‌హెచ్‌పీలో, వాటి సూచిక ఎస్‌హెచ్‌ఎక్స్‌లో, పేర్లు డీబీఎఫ్‌లో ఉంటాయి. మూడూ కలిసే పోవాలె. ఏ కొలతలో గీశారో చెప్పే నాలుగోది, పీఆర్‌జే, పాతవాటికి తరచు ఉండనే ఉండదు.

అసలు చిక్కు అక్కడే. సర్వే ఆఫ్ ఇండియా పాత పటాలు ఎవరెస్ట్ లెక్కవి, ఇంటర్నెట్ పటాలు డబ్ల్యూజీఎస్ 84 లెక్కవి. మార్చకుండా పెడితే మన వైపు గీత నూరు మీటర్లకు పైగా జరుగుతుంది. ఖబరస్తాన్ పోయి పక్కవాని పొలంలో పడుతుంది! తగాదాకు ఇంకేం కావాలి? ఉచితంగా దొరికే క్యూజీఐఎస్‌లో మన పిల్లలే ఈ మార్పు చేయవచ్చు. చేసినాక చౌరస్తా, చెరువు కట్ట వంటి గుర్తులతో సరిచూడాలి. అయినా హద్దు తేల్చేది ఈ గీత కాదు, టిప్పన్ ప్రకారం కొలిచిందే లెక్క.

2016 అక్టోబరు 11న ఆదిలాబాద్ నాలుగు జిల్లాలైంది. కరీంనగర్ నుంచి జగిత్యాల, పెద్దపల్లి, సిరిసిల్ల విడిపోయాయి. పటంపై సంవత్సరం వేయాలి, పాత హద్దు చెరపవద్దు. మన దస్తావేజుల్లో ఉన్నది పాత జిల్లా పేరే గదా.