కొత్త కంప్యూటర్, పాత తాళంచెవి



కంప్యూటర్ గురించి నాలుగు మాటలు చెప్పమని మమ్మల్ని అడిగారు. అన్నీ చెప్పబోతే ఏదీ గుర్తుండదు. అందుకే ఒక్క విషయమే ఎంచుకున్నాం. కొత్త కంప్యూటర్ ఇంటికి వచ్చిన రోజున పాస్‌వర్డ్ మేనేజర్ తెరుచుకోకపోతే, లేదా తెరుచుకున్నా లోపల పాస్‌వర్డ్లు కనిపించకపోతే ఏం చెయ్యాలి, ఏం చెయ్యకూడదు అన్నదే ఆ విషయం.

చూడడానికి చిన్న సంగతే. కానీ మన ఇళ్ళల్లో ఇవాళ ఎన్ని పనులు పాస్‌వర్డ్ మీద నడుస్తున్నాయో ఒకసారి లెక్క వేసుకోండి. పిల్లల స్కాలర్‌షిప్ దరఖాస్తు, పాస్‌పోర్ట్ అపాయింట్‌మెంట్, బ్యాంకు ఖాతా, ఆదాయపు పన్ను రిటర్ను, డిజిలాకర్‌లోని సర్టిఫికెట్లు, దుబాయి ప్రయాణానికి టికెట్లు. ఇన్నింటికి ఇన్ని పాస్‌వర్డ్లు గుర్తుపెట్టుకోవడం ఎవరివల్లా కాదు. అందుకని చాలామంది అన్నిచోట్లా ఒకటే పెడతారు. అది ఒకచోట దొంగ చేతికి చిక్కితే అన్నిచోట్లా చిక్కినట్టే. పాస్‌వర్డ్ మేనేజర్ వాడమని మేము చెబుతూ వస్తున్నది ఇందుకే. అన్ని పాస్‌వర్డ్లూ ఒక పెట్టెలో ఉంటాయి. ఆ పెట్టెకు ఒకటే తాళంచెవి. దాన్ని మాస్టర్ పాస్‌వర్డ్ అంటారు.

ఆ పెట్టె కొత్త కంప్యూటర్లో తెరుచుకోనప్పుడు ఎవరికైనా చెమటలు పడతాయి. అవతల దరఖాస్తుకు ఆఖరి తేదీ ఉంటే ఇక చెప్పనే అక్కర్లేదు. అయితే మేము చూసినంతవరకు, చాలాసార్లు ఆ క్షణానికి పోయింది ఏమీ ఉండదు. పోయేది ఆ తర్వాత తొందరలో చేసే పనుల వల్ల. కాబట్టి అన్నిటికన్నా ముందు మాట ఇది: కొత్త కంప్యూటర్లో పెట్టె తెరుచుకుని, లోపల అన్నీ ఉన్నాయని కళ్ళారా చూసేదాకా పాత కంప్యూటర్‌ను, పాత ఫోన్‌ను ముట్టుకోకండి. ఫార్మాట్ చేయకండి, ఎవరికీ ఇవ్వకండి, అందులో లాగౌట్ నొక్కకండి.

ఎందుకు ఇంత గట్టిగా చెబుతున్నామంటే, ఈ పెట్టె పనిచేసే తీరే వేరు. బిట్‌వార్డెన్‌ను ఉదాహరణగా తీసుకుందాం. ఉచితంగా దొరుకుతుంది కాబట్టి మన విద్యార్థులు చాలామంది దాన్నే వాడుతున్నారు. మీ పాస్‌వర్డ్లకు తాళం వేసే పని మీ కంప్యూటర్లోనే జరుగుతుంది. తాళం వేసిన పెట్టె మాత్రమే కంపెనీ దగ్గరికి వెళ్తుంది. తాళంచెవి వెళ్ళదు. కాబట్టి మాస్టర్ పాస్‌వర్డ్ మర్చిపోయామని మనం ఎంత మొత్తుకున్నా కంపెనీవాళ్ళు తెరిచి ఇవ్వలేరు. బ్యాంకుకు వెళ్ళి ఆధార్ చూపించి కొత్త పాస్‌వర్డ్ తెచ్చుకున్నట్టు ఇక్కడ కుదరదు. ఈ కఠినత్వమే మనకు రక్షణ. 2022లో లాస్ట్‌పాస్ అనే మరో కంపెనీ నుంచి దొంగలు ఖాతాదారుల పెట్టెల నకళ్ళను ఎత్తుకుపోయారు. అప్పుడు లోపలి పాస్‌వర్డ్లకు అడ్డుగా నిలిచింది ఎవరి మాస్టర్ పాస్‌వర్డ్ వాళ్ళకే. గట్టిది పెట్టుకున్నవాళ్ళు నిలిచారు, తేలికది పెట్టుకున్నవాళ్ళకు ప్రమాదం వచ్చింది.

ఇక్కడే లాక్‌కూ లాగౌట్‌కూ తేడా తెలియాలి. లాక్ అంటే పెట్టె మీ కంప్యూటర్లోనే ఉంది, మూత వేసి ఉంది. లాగౌట్ అంటే పెట్టెనే అక్కడినుంచి తీసేశారు, మళ్ళీ కావాలంటే ఇంటర్నెట్ ద్వారా మొదటినుంచీ లోపలికి రావాలి. పాత ఫోన్లో వేలిముద్రతో పెట్టె తెరుచుకుంటున్నదనుకోండి, మాస్టర్ పాస్‌వర్డ్ గుర్తులేకపోయినా అందులోని పాస్‌వర్డ్లు చదువుకోవచ్చు. ముఖ్యమైనవి కాగితం మీద ఎక్కించుకోవచ్చు. లాగౌట్ నొక్కిన మరుక్షణం ఆ దారి మూసుకుపోతుంది.

ఇప్పుడు కొత్త కంప్యూటర్ దగ్గరికి వద్దాం. మాస్టర్ పాస్‌వర్డ్ కొడితే తప్పు అంటున్నది. మీకేమో అదేనని గట్టి నమ్మకం. అలాంటప్పుడు పాస్‌వర్డ్‌ను అనుమానించేముందు మూడు విషయాలు చూడండి.

మొదటిది ఈమెయిల్. ఇంట్లో ఒక్కొక్కరికి రెండు మూడు జీమెయిల్ ఖాతాలు ఉంటున్నాయి. పెట్టె ఏ ఈమెయిల్‌తో తెరిచారో ఆ ఈమెయిలే ఇవ్వాలి. వేరేది ఇస్తే సరైన పాస్‌వర్డ్ కూడా తప్పే అవుతుంది. పాత ఫోన్లో యాప్ సెట్టింగుల్లో చూస్తే ఏ ఈమెయిలో తెలుస్తుంది.

రెండోది చిరునామా. బిట్‌వార్డెన్ లాగిన్ పేజీలో డాట్ కామ్, డాట్ ఈయూ అని రెండు కనిపిస్తాయి. ఒకటి అమెరికా సర్వర్, మరొకటి యూరప్ సర్వర్. ఒకదాంట్లో తెరిచిన ఖాతా రెండోదాంట్లో ఉండదు. పాత కంప్యూటర్లో ఏది ఉందో చూసి, కొత్తదాంట్లోనూ అదే ఎంచుకోవాలి.

మూడోది కీబోర్డు. ఇది మన ఇళ్ళల్లో ఎక్కువగా వచ్చే చిక్కు. గల్ఫ్ నుంచి తెచ్చిన ల్యాప్‌టాప్‌లో తరచూ అరబీ, ఇంగ్లీషు రెండూ ఉంటాయి. లండన్ నుంచి వచ్చినదాంట్లో బ్రిటిష్ కీబోర్డు ఉంటుంది. బ్రిటిష్ కీబోర్డులో ఈమెయిల్లో వాడే ఎట్ గుర్తు, డబుల్ కొటేషన్ గుర్తు ఒకదాని చోట ఒకటి ఉంటాయి. పాస్‌వర్డ్ చుక్కలుగా కనిపిస్తుంది కాబట్టి మనం ఏం కొట్టామో మనకే తెలియదు. పాస్‌వర్డ్ పక్కనున్న కన్ను బొమ్మ నొక్కి అక్షరాలు చూసుకోండి. విండోస్‌లో తెర కింద కుడి మూలన ఏ భాష ఉందో కనిపిస్తుంది. విండోస్ మీట, స్పేస్ మీట కలిపి నొక్కితే మారుతుంది. క్యాప్స్ లాక్ కూడా ఒకసారి చూసుకోండి.

పాస్‌వర్డ్ ఒప్పుకున్నాక రెండో అంచె వస్తుంది. ఆథెంటికేటర్ యాప్ పెట్టుకున్నవారిని ఆరంకెల కోడ్ అడుగుతుంది. ఆ కోడ్ సాధారణంగా 30 సెకన్లకోసారి మారుతుంది. ఒక రహస్య సంఖ్యను, గడియారంలోని సమయాన్ని కలిపి అది తయారవుతుంది. కాబట్టి కోడ్ తయారుచేసే పరికరంలో సమయం తప్పితే కోడ్ చెల్లదు. దుబాయి టైమ్ జోన్ అలాగే ఉంచి, గడియారాన్ని మాత్రం చేత్తో మన సమయానికి తిప్పారనుకోండి. చూడడానికి సమయం సరిగ్గానే ఉంటుంది, లోపల లెక్క గంటన్నర తప్పుతుంది. టైమ్ జోన్ భారతదేశానికి మార్చి, సమయాన్ని దానంతటదే తీసుకునేలా పెడితే సరి.

ఆథెంటికేటర్ ఉన్న ఫోనే పోతే? దీనికోసమే రికవరీ కోడ్ అని ఒకటి ఇస్తారు. దాన్ని ముందే రాసి ఉంచుకున్నవారు దానితో లోపలికి రావచ్చు. బిట్‌వార్డెన్‌లో ఆ కోడ్ వాడగానే రెండో అంచె ఆగిపోతుంది. మళ్ళీ పెట్టుకుని, కొత్త రికవరీ కోడ్ రాసుకోవాలి.

రెండో అంచె పెట్టుకోనివారికి మరో మెలిక ఉంది. కొత్త కంప్యూటర్ నుంచి వస్తున్నారని గమనించి బిట్‌వార్డెన్ ఈమెయిల్‌కు ఒక కోడ్ పంపుతుంది. ఈమెయిల్ తెరవాలంటే పాస్‌వర్డ్ కావాలి. ఆ పాస్‌వర్డ్ ఎక్కడుంది? పెట్టెలో. బీరువా తాళంచెవిని బీరువాలోనే పెట్టి తాళం వేసినట్టు అయింది. అందుకే మేము అందరికీ చెప్పేది, ఈమెయిల్ పాస్‌వర్డ్ ఒక్కటి మాత్రం పెట్టె బయట కూడా ఉండాలి. ఇప్పటికే ఇరుక్కున్నవారు పాత ఫోన్లో ఈమెయిల్ తెరిచి ఉందేమో చూడండి, కోడ్ అక్కడికే వస్తుంది. పాత ఫోన్ ముట్టుకోవద్దన్నది ఇందుకు కూడా.

వేరే మేనేజర్లు వాడేవారికి రెండు మాటలు. వన్‌పాస్‌వర్డ్‌లో మాస్టర్ పాస్‌వర్డ్‌తో పాటు సీక్రెట్ కీ అని 34 అక్షరాలు, అంకెల వరుస ఒకటి ఉంటుంది. కొత్త కంప్యూటర్లో సాధారణంగా అది అడుగుతుంది. ఖాతా తెరిచిన రోజున ఇచ్చిన ఎమర్జెన్సీ కిట్ కాగితంలోనూ, పాత కంప్యూటర్లోని యాప్‌లోనూ అది దొరుకుతుంది. క్రోమ్‌లో పాస్‌వర్డ్లు దాచుకునేవారు ముందుగా ఏ గూగుల్ ఖాతాతో లోపలికి వచ్చారో చూసుకోవాలి. కొడుకు ఖాతా తెరిచి ఉంటే నాన్న పాస్‌వర్డ్లు కనిపించవు. ఫైర్‌ఫాక్స్ వాడేవారు మరీ జాగ్రత్తగా ఉండాలి. రికవరీ కీ లేకుండా ఖాతా పాస్‌వర్డ్ రీసెట్ చేస్తే సర్వర్‌లో ఉన్నది చెరిగిపోతుంది. పాత కంప్యూటర్లో ఉన్నది మాత్రం మిగులుతుంది, అక్కడ మళ్ళీ సైన్ ఇన్ చేస్తే తిరిగి పైకి వెళ్తుంది. పాత కంప్యూటర్‌ను అప్పటికే ఎవరికైనా ఇచ్చేసి ఉంటే అదీ లేదు.

ఇక మూడో రకం చిక్కు. పెట్టె తెరుచుకుంది. కానీ నిన్న పెట్టిన పాస్‌వర్డ్ లేదు, లేదా పాతదే కనిపిస్తున్నది. ఇలాంటప్పుడు రెండు యంత్రాల మధ్య ఒక సాక్షి కావాలి. ఆ సాక్షి వెబ్ వాల్ట్, అంటే బ్రౌజర్లో నేరుగా కంపెనీ వెబ్‌సైటుకు వెళ్ళి తెరిచే పెట్టె. అందులో కొత్త పాస్‌వర్డ్ ఉంటే, కొత్త కంప్యూటర్ దాన్ని ఇంకా దించుకోలేదని అర్థం. సెట్టింగుల్లో సింక్ అనే మాట వెతికి నొక్కండి. వెబ్ వాల్ట్‌లో కూడా లేకపోతే, అది పాత కంప్యూటర్ నుంచి పైకి ఎక్కనే లేదు.

ఎక్కకపోవడానికి కారణం చాలాసార్లు ఒకటే. పాత కంప్యూటర్లో పాస్‌వర్డ్ దాచమంటారా అని బ్రౌజర్ అడిగింది, మనం సరే అన్నాం. అది బ్రౌజర్ సొంత పెట్టెలోకి వెళ్ళింది, మేనేజర్‌లోకి రాలేదు. ఒకే ఇంట్లో రెండు పెట్టెలు నడుస్తున్నాయన్నమాట. పాత కంప్యూటర్ బ్రౌజర్లోని పాస్‌వర్డ్లను ఫైలుగా బయటికి తీసి, మేనేజర్‌లో ఎక్కించి, బ్రౌజర్ అడగడం ఆపెయ్యాలి. ఆ ఫైలుకు ఏ తాళమూ ఉండదు, ఎవరైనా చదవగలరు. పని అయిన వెంటనే దాన్ని తీసేసి, రీసైకిల్ బిన్ కూడా ఖాళీ చేయండి.

ఇవన్నీ చేసినా తెరుచుకోకపోతే, ఖాతా తొలగించి మళ్ళీ మొదలుపెట్టే దారి ఒకటి ఉంటుంది. తొలగిస్తే లోపల ఉన్నవన్నీ పోతాయి. పాత పరికరంలో చదవగలిగినవన్నీ కాగితం మీద ఎక్కించుకున్నాకే ఆ దారి పట్టాలి.

కంగారులో ఉన్నవాళ్ళ కోసం మోసగాళ్ళు కాచుకుని ఉంటారు. గూగుల్‌లో కస్టమర్ కేర్ నంబర్ వెతికి, దొరికిన నంబర్‌కు ఫోన్ చేసి, అవతలివాడు చెప్పిన యాప్ వేసి, మన తెరను వాడి చేతికి ఇవ్వడం ఎంతమాత్రం వద్దు. సాయం కావాలంటే యాప్‌లోనే ఉన్న హెల్ప్ ద్వారా అడగండి. మాస్టర్ పాస్‌వర్డ్ చెప్పమని ఎవరు అడిగినా వాడు దొంగే. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయండి. అది సైబర్ మోసాల ఫిర్యాదుకు ప్రభుత్వం పెట్టిన నంబర్.

దాతలకు ప్రత్యేకంగా ఒక మాట. మీలో చాలామంది కొత్త కంప్యూటర్ కొన్నప్పుడు పాతదాన్ని పేద విద్యార్థికి ఇస్తున్నారు. అది ఎంతో మంచి పని. అయితే అందులో మీ పెట్టె కూడా వెళ్ళిపోకూడదు. కొత్తదాంట్లో అన్నీ సరిచూసుకున్నాక పాతదాంట్లో మేనేజర్ నుంచి, బ్రౌజర్ నుంచి లాగౌట్ చేయండి. తర్వాత విండోస్‌లో రీసెట్‌కు వెళ్ళి, అన్నీ తొలగించే ఎంపికను, డ్రైవ్‌ను శుభ్రం చేసే ఎంపికను తీసుకోండి. ఇచ్చేసిన తర్వాత అనుమానం వస్తే వెబ్ వాల్ట్ నుంచే అన్ని పరికరాల్లోని లాగిన్లను ఒకేసారి రద్దు చేయవచ్చు.

చివరగా, ఇంటివాళ్ళ సంగతి. చాలా ఇళ్ళల్లో ఈ పెట్టె ఒక్కరి తలలోనే ఉంటుంది. ఆ ఒక్కరు ఆసుపత్రిలో ఉన్నా, దూరదేశంలో ఉన్నా, ఇక లేకపోయినా ఇంటివాళ్ళకు కరెంటు బిల్లు కట్టడం దగ్గరినుంచి బీమా సొమ్ము అడగడం దాకా అన్నీ ఆగిపోతాయి. భర్త పోయిన దుఃఖంలో ఉన్న తల్లి పాస్‌వర్డ్ల కోసం కాగితాలు వెతుక్కోవలసిన పరిస్థితి రాకూడదు. బిట్‌వార్డెన్‌లో డబ్బు కట్టి వాడేవారికి ఎమర్జెన్సీ యాక్సెస్ అనే ఏర్పాటు ఉంది. మీరు నమ్మే మనిషిని ముందే నియమిస్తారు. వారు అడిగిన తర్వాత, మీరు పెట్టిన గడువులోగా మీరు కాదనకపోతే, పెట్టె వారికి తెరుచుకుంటుంది. ఉచితంగా వాడేవారికి ఒక కాగితం చాలు.

ఆ కాగితం ఇవాళ ఇంటికి వెళ్ళగానే రాయండి. అందులో ఐదు విషయాలు ఉండాలి: ఏ మేనేజర్, ఏ ఈమెయిల్, మాస్టర్ పాస్‌వర్డ్, రికవరీ కోడ్ లేదా సీక్రెట్ కీ, ఈమెయిల్ పాస్‌వర్డ్. కవరులో పెట్టి, ఇంటి దస్తావేజులు ఉన్నచోట దాచండి. ఎక్కడుందో ఇంట్లో ఒకరికి చెప్పండి. ఫోటో తీసి వాట్సాప్‌లో పంపకండి. కొత్త కంప్యూటర్ ఎప్పుడు కొన్నా ముందు ఆ కవరు తియ్యండి. చిక్కు తీరకపోతే పాత కంప్యూటర్‌ను, ఆ కవరును పట్టుకుని మా దగ్గరికి రండి. పక్కన కూర్చుని చూపిస్తాం. పాస్‌వర్డ్ మాత్రం మీరే కొట్టాలి, మేము అటు తిరుగుతాం.

సలాం.