నూనెలో మగ్గిన బీన్స్: గ్రీసు వాళ్ల కూర
(మండల సమాఖ్య వార్షిక మహాసభలో ఒక గ్రామ సమాఖ్య లీడరు మాట్లాడినది)



పొదుపు లెక్కలు, రికవరీ లెక్కలు అన్నీ అధ్యక్షురాలు చదివేశారు. మా గ్రామ సమాఖ్య తరపున నన్ను వంట గురించి మాట్లాడమన్నారు. వంట గురించి మనకు ఒకరు చెప్పాలా అని మీలో సగం మంది అనుకుంటా ఉంటారు. నేను చెప్పబోయేది మన వంట కాదు. గ్రీసు దేశంలో ఇంటింటా చేసుకునే బీన్స్ కూర. దాన్ని వాళ్లు ఫసోలాకియా అంటారు. పచ్చి బీన్స్, టమాటా, ఉల్లిపాయ, నూనె, అంతే. పోపు లేదు, మసాలా లేదు, కారప్పొడి అసలే లేదు.

ఇది మా ఊరికి ఎట్లా వచ్చిందో చెప్తా. మా సంఘంలో ఒక చెల్లెలు కువైట్ పోయి ఏడేండ్లు ఇంటిపని చేసి తిరిగొచ్చింది. రాయచోటి, రాజంపేట వైపు కువైట్ పోయిన ఆడవాళ్లు లేని ఊరు తక్కువ కాబట్టి ఆ కష్టం నేను కొత్తగా చెప్పే పని లేదు. ఆమె పనిచేసింది లెబనాన్ వాళ్లింట్లో. వాళ్లు ఈ కూరను లూబియె బి జైత్ అంటారు. నూనెలో బీన్స్ అని అర్థం. టర్కీ వాళ్లకీ ఇదే ఉంది. అన్నీ ఒకే సముద్రం గట్టునుండే దేశాలు, కూర ఒకటే, పేరూ రుచీ కొద్దిగా మారతాయి. మన దగ్గర గుత్తొంకాయ ఊరికొక తీరుగా ఉన్నట్టే. ఫోన్‌లో గ్రీసు ముసలమ్మ వండేది మాకు చూపించి, "అక్కా, నేను వారం వారం వండింది ఇదే" అనింది.

ఆ చెల్లెలు మార్కెట్ యార్డు దగ్గర మధ్యాహ్నం భోజనం బండి పెట్టుకుంటానని 50 వేలు అప్పడిగింది. మా మీటింగులో రెండు మాటలు వచ్చినాయి. ఒకరు, "అక్కడ గిన్నెలు తోమొచ్చింది, దీనికి వంటేం తెలుసు" అన్నారు. ఇంకొకరు, "మళ్లీ విమానం ఎక్కితే కంతులు ఎవరు కట్టాలి" అన్నారు. రెండోది న్యాయమైన ప్రశ్నే, సంఘం డబ్బు అందరిదీ. మొదటి మాట మాత్రం నాకు నచ్చలేదు. పది మంది ఉన్న ఇంటికి ఏడేండ్లు వండి పెట్టిన మనిషికి వంట రాదంటే ఎట్లా? అందుకని వచ్చే మీటింగుకు నువ్వే వండి తీసుకురా, అక్కడి కూరే వండు అన్నాం.

ఎట్లా వండిందో చెప్తా, రాసుకునేవాళ్లు రాసుకోండి. కిలో బీన్స్ తీసుకుంది. లేత కాయలు, విరిస్తే టక్కుమనాలి. రెండు కొనలు తుంచి నార తీసేసి, పొడవుగా ఉంటే సగానికి విరవాలి. మనం పోరుటుకు తరిగినట్టు చిన్న ముక్కలు చెయ్యకూడదు, గంటసేపు ఉడికే కూర కాబట్టి కాయ కాయగా నిలబడాలి. టమాటాలు అరకిలో పైన, బాగా పండినవి. వాటిని అడ్డంగా కోసి, కోసిన వైపు కొబ్బరి తురుముకునే పీటకు రుద్దింది. గుజ్జంతా గిన్నెలో పడింది, తోలు చేతిలో మిగిలింది. గ్రీసులోనూ ఇట్లాగే తురుముతారు. మిక్సీ అక్కర్లేదు, కరెంటు పోయినా పని ఆగదు.

ఉల్లిపాయలు పెద్దవి రెండు, తెల్లగడ్డ రెబ్బలు నాలుగు. నూనెలో ఉల్లిపాయ మెత్తబడే దాకా వేయించింది, ఎర్రబడనివ్వలేదు. బీన్స్ వేసి, ఉప్పు వేసి, పది నిమిషాలు సన్నమంట మీద కలుపుతూ మగ్గించింది. ఆ తర్వాతే టమాటా గుజ్జు. దీనికి కారణముంది. చింతపండు పులుసు ముందే పోస్తే కందిపప్పు ఉడకదని మనందరికీ తెలుసు కదా. టమాటా పులుపూ అంతే, కాయను గట్టిపరుస్తుంది. అందుకే ముందు నూనెలో కొంచెం మెత్తబడనిచ్చి, టమాటా పోసినాక ముప్పావుగంట నుంచి గంట ఓపిక పట్టాలి. మిరియాలపొడి కొంచెం, చక్కెర చిటికెడు, వేడినీళ్లు ఒక గ్లాసు, మూత. గ్రీసువాళ్లు పార్స్లీ అనే ఆకు వేస్తారు, చూడ్డానికి కొత్తిమీర లాగుంటుంది, వాసన వేరు. కొందరు పుదీనా కూడా వేస్తారు. ఆమె పుదీనా వేసింది. ఉర్లగడ్డలు రెండు నాలుగేసి ముక్కలుగా కోసి మధ్యలో పెట్టింది, అదీ అక్కడి అలవాటే, కడుపు నిండాలని.

బీన్స్ పచ్చరంగు పోతుంది. పోనీండి. రంగు నిలవాలని కొందరు వంటసోడా వేస్తారు, వెయ్యొద్దు. కాయ పేస్టయిపోతుంది, విటమిన్లు కూడా పోతాయి.

ఇంక నూనె మాట. ఈ రకం కూరలన్నిటికీ గ్రీసులో లాదెరా అని పేరు. లాది అంటే నూనె, లాదెరా అంటే నూనె కూరలు. ఆలివ్ నూనె వాళ్లకు ఇంటి పంట, మనకు అనంతపురం వైపు చెనిక్కాయ ఎట్లనో వాళ్లకు ఆలివ్ చెట్టు అట్ల. కిలో బీన్స్‌కు పావులీటరుకు కొంచెం తక్కువగా పోసేవాళ్లున్నారు. నీళ్లన్నీ ఇగిరిపోయి కూర తన నూనెతో మిగలాలని అక్కడి ఆడవాళ్లు చెప్తారు. మన మాటలో చెప్పాలంటే నూనె తేలేదాకా. ఆలివ్ నూనె ధర మనం అందుకునేది కాదు. చెల్లెలు మర చెనిక్కాయ నూనె 100 మిల్లీలీటర్లు పోసింది. ఆలివ్ నూనెకుండే ఆ కాస్త చేదు, ఆ వాసన రావు, ఆ మాట ఆమే చెప్పింది. కానీ నూనె ఆదా చేద్దామని రెండు స్పూన్లు పోస్తే మాత్రం అది ఉడకబెట్టిన బీన్స్ అవుతుంది, ఈ కూర కాదు. ఎనిమిది మంది తినే కూరకు 100 మిల్లీలీటర్లు మరీ ఎక్కువేమీ కాదని నా లెక్క. టమాటాలో ఎరుపునిచ్చే పదార్థం కూడా నూనెలో ఉడికితేనే ఒంటికి బాగా పడుతుంది.

గ్రీసులో ఇది ఉపవాసాల కూర కూడా. అక్కడి ఆర్థొడాక్స్ క్రైస్తవులు ఈస్టర్‌కు ముందు శ్రమదినాల్లో, మామూలు వారాల్లో బుధవారం, శుక్రవారం మాంసం, పాలు, గుడ్లు ముట్టరు. నిష్ఠగా ఉండేవాళ్లు కొన్ని రోజులు నూనె కూడా మానేస్తారు. ఉపవాసం లేని రోజుల్లో పక్కన ఫెటా అని ఉప్పటి జున్నుముక్క పెట్టుకొని, రొట్టెతో రసం అద్దుకొని తింటారు. మన కార్తీక మాసం, మన చర్చీకి పోయేవాళ్ల లెంటు తలుచుకుంటే ఇదేం వింతగా అనిపించదు. ఇంకో మాట, బీన్స్, టమాటా, ఉర్లగడ్డ మూడూ అమెరికా ఖండం నుంచి వచ్చినవే. కొలంబస్ 1492లో అక్కడికి పోయేదాకా గ్రీసువాళ్లకీ తెలియవు, మనకీ తెలియవు. మన మిరపకాయ కూడా ఆ దారినే వచ్చింది. అలసందలు మాత్రం అక్కడా పాతకాలం నుంచి ఉన్నాయి, లేత అలసందకాయలు ఉడికించి నూనె, నిమ్మరసం పోసుకొని తింటారు.

కూర మీటింగుకొచ్చింది. వేడి మీద తిన్న మా పెద్దమ్మ, "ఇది జ్వరమొచ్చినోళ్లకు పెట్టే కూర" అనింది. నలుగురైదుగురు నవ్వినారు. చెల్లెలు ఏం బాధపడలేదు, "పెద్దమ్మా, ఇది వేడిగా తినేది కాదు, సాయంత్రం దాకా ఆగు" అనింది. నిజంగానే అక్కడ దీన్ని చల్లారినాకే తింటారు, మరుసటి రోజుకు ఇంకా బాగుంటుందంటారు. మీటింగు అయ్యేసరికి మూడు గంటలు పట్టింది. అప్పుడు జొన్నరొట్టెతో తిన్నాం. ఉప్పు, పులుపు, నూనె కాయలోకి దిగి వేరే కూరలా ఉంది. పెద్దమ్మ రెండోసారి పెట్టించుకుంది, అయినా కారం లేదనే మాట వదల్లేదు.

అప్పు విషయం ఆ రోజే తీర్మానం రాసినాం. మొదట 25 వేలు, ఆరు నెలలు కంతులు సరిగ్గా కడితే మిగతా 25 వేలు. మళ్లీ బయట దేశం పోయేటట్టుంటే ముందే సంఘానికి చెప్పి బాకీ తీర్చాలి అని కూడా రాసినాం, ఆమె సంతకం పెట్టింది. ఇప్పటికి నాలుగు కంతులు పడినాయి.

బండి మీద రోజూ సంగటి, పప్పు, చెనిక్కాయ చట్నీ. ఈ కూర వారంలో రెండు రోజులే, చపాతీతో. యార్డులో హమాలీలు కారం అడుగుతారు కాబట్టి రెండు పచ్చిమిరపకాయలు చీల్చి వేస్తాంది. గ్రీసు వాళ్లు ఒప్పుకోరేమో గానీ, తినేవాళ్లు ఒప్పుకోవాలి కదా. నాకైతే మిరపకాయ లేకుండానే ఇష్టం. టమాటా సంగతి మీకు తెలిసిందే. 2023లో జులైలో కిలో వంద దాటిన టమాటాను ఇంకో సీజన్లో రోడ్డు పక్కన పారబోసింది చూసినాం. ధర పడిన రోజు మా సంఘంలో రైతుల దగ్గరే ఆమె బాక్సులు తీసుకుంటాంది, అంత టమాటా పట్టే కూర మన వంటల్లో తక్కువ. ధర పెరిగిన రోజు ఈ కూర చెయ్యదు. ఆ రోజు పప్పే.

పొద్దున్నే కూలికి పోయేవాళ్లకు ఒక సంగతి చెప్తా. రాత్రి పడుకునే ముందు పొయ్యి మీద పెట్టి, పొద్దున చల్లగా క్యారియర్‌లో పెట్టుకోవచ్చు. వేడి చేసే పని లేదు. ఎండాకాలం మాత్రం మధ్యాహ్నం లోపలే తినెయ్యండి, పాలు, కొబ్బరి లేవు గానీ ఉర్లగడ్డ ఉంది.

చూసి నేర్చుకోవాలనుకునేవాళ్లు మా గ్రామ సమాఖ్య ఆఫీసుకు రావచ్చు. వచ్చే నెల రెండో గురువారం మీటింగయినాక చెల్లెలు మళ్లీ వండుతుంది. బీన్స్, టమాటా మావే. నూనె మాత్రం ఎవరిది వాళ్లు తెచ్చుకోండి, ఆమె చెయ్యి నూనె దగ్గర పెద్దది. సెలవు.