చక్కెర సంగతి ముందే చెప్పండి



ధర్మవరంలో గాని, పెనుకొండలో గాని, మన హిందూపురంలో గాని రైలెక్కితే కొన్ని గంటల్లో బెంగుళూరు. అక్కడ పిల్లలు అడిగేది బబుల్ టీ. వద్దంటే అలుగుతారు. ఇప్పిద్దాం, కాకపోతే తెలిసి ఇప్పిద్దాం.

ఇది 1980లలో తైవాన్‌లో పుట్టిన పానీయం. టీ, పాలు, చక్కెర పాకం, అడుగున నల్లని గుండ్లు. ఆ గుండ్లను మన సగ్గుబియ్యం లాగే కర్రపెండలం పిండితో చేసి, ఉడికించి, పాకంలో నానవేస్తారు.

చక్కెర సగమో, పావో చాలని కలపకముందే చెప్పండి. కలిపాక తీయలేరు గదా! అయితే తగ్గేది టీలో పోసే పాకమే. గుండ్లకు పట్టిన తీపి ఎక్కడికీ పోదు. అందుకని చిన్న గ్లాసు తీసుకొని, గుండ్లు సగమే వేయమనండి. చక్కెర వ్యాధి ఉన్నవారు అసలు వద్దనడం మేలు. ఆ పిండి కూడా రక్తంలో చక్కెరను పెంచుతుంది.

"బెల్లం పాకమండీ" అంటే మురిసిపోకండి. ఆ లెక్కలో బెల్లమూ చక్కెరే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పిన ప్రకారం, విడిగా కలుపుకొనే తీపి అంతా కలిపి పెద్దవారికి రోజుకు సుమారు 50 గ్రాములు దాటరాదు. 25 అయితే ఇంకా మంచిది. అంటే ఆరు చెంచాలు. ఇంట్లో తాగే కాఫీ, టీలు పోగా మిగిలేదెంతో చూసుకోండి.

మన ఊరి పళ్లరసం అంగడిలోనూ మిక్సీ తిరగకముందే "చక్కెర వద్దు నాయనా" అనండి. ధర్మవరం చీర పది మడతలు విప్పించి చూసేటప్పుడు లేని మొహమాటం ఇక్కడెందుకమ్మా?