కార్డు చేతికొచ్చింది, మరి ఆసుపత్రి?



2007 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆరోగ్యశ్రీని ముందుగా మూడు జిల్లాల్లో మొదలుపెట్టింది. మహబూబ్‌నగర్, శ్రీకాకుళం, మూడోది మన బళ్లారి పొరుగునున్న అనంతపురం. "గుంతకల్లులో మా వియ్యంకుడికి గుండె ఆపరేషను ఉచితమట, మరి మనకో?" అని అప్పట్లో మన తెలుగు ఇళ్లలో అడిగేవారు. బంధుత్వానికి లేని పొలిమేర కార్డుకు ఉంటుంది కదా!

కర్ణాటకలో సహకార సంఘాల రైతులకు యశస్విని 2003లోనే వచ్చింది. 2018లో కేంద్రం ఆయుష్మాన్ భారత్ తెచ్చింది. ఆ ఏడే అది మన ఆరోగ్య కర్ణాటక పథకంతో కలిసింది. బి.పి.ఎల్. కుటుంబానికి ఏడాదికి 5 లక్షల రూపాయల దాకా వైద్యం. ఆ గీతకు కాస్త పైనున్న వారికి ప్యాకేజీ ధరలో 30 శాతమే, అదీ లక్షన్నర మించకుండా. మిగతాది అప్పు చేయాలి, లేదా ప్రైవేటు బీమా కట్టుకోవాలి. ఆ బీమాలోనూ పాత జబ్బులకు మూడేళ్ల వరకు ఎదురుచూడమనవచ్చు.

మరొక చిక్కుంది. ఈ కార్డులు ముఖ్యంగా ఆసుపత్రిలో చేరినవారికి. బి.పి.కి, షుగరుకు నెలనెలా మింగే మాత్రలకు కార్డు అక్కరకు రాదు. వాటిని ఉచితంగా ఇవ్వవలసింది ప్రాథమిక ఆరోగ్య కేంద్రమే. అక్కడ మందు లేకపోతే పేదవాడు మాత్రలు మానేస్తాడు. కొన్నేళ్లకు పక్షవాతంతో పెద్దాసుపత్రిలో చేరతాడు. అప్పుడు కార్డు పనికొస్తుంది!

కన్నడ ఫారాలు చదివించుకోవడానికి నా దగ్గరకు వచ్చే పెద్దలు రెఫరల్ చీటీని తిట్టుకుంటూ ఉంటారు. ముందు సర్కారు ఆసుపత్రికి వెళ్లాలి, అక్కడ ఆ వైద్యం లేకపోతేనే ప్రైవేటుకు పంపుతారు. తిరుగుడు నిజమే. అయినా నేను ఆ నియమం పక్షమే. చేసిన ఆపరేషనుకు లెక్కగట్టి డబ్బిచ్చేచోట అక్కరలేని ఆపరేషను చేయాలన్న ఆశ పుడుతుంది. పైగా సర్కారు ఆసుపత్రిలో వైద్యం జరిగితే పథకం సొమ్ము ఆ ఆసుపత్రికే చేరుతుంది.

అయితే ఆ ఆసుపత్రిని నమ్మగలగాలి. 2024 నవంబరులో బళ్లారి జిల్లా ఆసుపత్రిలో సిజేరియన్ తరువాత బాలింతలు చనిపోయారు. వాడిన సెలైన్ మీద అనుమానం రావడంతో ప్రభుత్వం దాని వాడకాన్ని ఆపించింది. ఏ బీమా కార్డూ సెలైన్ సీసాను పరీక్షించదు. ఆ పనికి ల్యాబులు, తనిఖీ అధికారులు, జీతాలు కావాలి.

2025 నాటికి ప్రభుత్వాల ఆరోగ్య వ్యయం జాతీయాదాయంలో రెండున్నర శాతానికి చేరాలని 2017 జాతీయ ఆరోగ్య విధానం రాసుకుంది. 2021-22 లెక్కల్లో అది 1.84 శాతం. ఆ సంవత్సరం దేశంలో వైద్యానికైన మొత్తం ఖర్చులో 39 శాతం పైచిలుకు జనం జేబులోంచే పోయింది. కాబట్టి కొత్త రూపాయి ఎక్కడ పెట్టాలని ఎవరైనా నన్నడిగితే, ముందు ఆరోగ్య కేంద్రంలోని మందుల బీరువాలో అంటాను, బీమా ప్రీమియం ఆ తరువాత.

ఒక్క మాట గుర్తుంచుకోండి. ప్రాణాపాయంలో రెఫరల్ చీటీ అక్కర్లేదు. పథకంలో ఉన్న ఆసుపత్రికి నేరుగా వెళ్లవచ్చు. రేషను కార్డు, ఆధార్ కార్డు మాత్రం వెంట ఉంచుకోండి.