పశువుల పాకకు నేల

నర్సీపట్నము నుండి చింతపల్లి ఘాటు వైపు పోయే దారిలో పశువుల పాకలు చూచుచు పోవచ్చును. రాటలు పాతి, పైన తాటాకో రేకులో కప్పి, గోడలు లేకుండ గాలికి వదలినవే ఎక్కువ. పాక వేసేవారు రాటలను తట్టి చూచి ఎంచుకొందురు. కప్పు కొరకు రెండు మూడు చోట్ల బేరమాడుదురు. నేల మాట వచ్చుసరికి చేతిలోని డబ్బు అయిపోయి ఉండును. మా ఇంటనూ అట్లే జరిగినది.

మాకు నాలుగు ఆవులు. చాలా ఏండ్లు మట్టినేల మీదనే వాటిని కట్టినాము. మట్టినేలను చులకన చేయుట మా ఉద్దేశము కాదు. ఆవు రోజుకు పది, పన్నెండు గంటలు పడుకొను ప్రాణి. మెత్తని నేల దాని మోకాళ్ళకు హితము. మూత్రమింకిన మట్టిని ఏటేటా తవ్వి పొలమునకు తోలి, కొత్త మట్టి పోసి, దిమ్మిసతో కొట్టుట మన పెద్దల పద్ధతి. అది ఎరువునకు ఎరువు, శుభ్రమునకు శుభ్రము. అయితే అందుకు బండి, ఎడ్లు, మనుషులు ఉండవలెను. అవి లేని మేము మట్టినేలకు ఖర్చు లేదనుకొని రెండేండ్లు తవ్వకుండ వదలినాము. మాది కొండల దిగువ ఊరు. నైరుతి వానలు పోయినవనగానే ఈశాన్యపు వానలు వచ్చును. పాక అంతయు బురదయినది. గిట్టల నడుమ పుండ్లు పడినవి. ఒక ఆవునకు పొదుగువాపు వచ్చి, ఒక చన్ను పాలు శాశ్వతముగా పోయినవి. నేలకు పెట్టని డబ్బు వైద్యమునకు పెట్టినాము.

ఇక ఏ నేల వేయవలెననునది ప్రశ్న. బేతంచెర్ల రాళ్ళు రాయలసీమ నుండి రావలెను. పైగా గిట్టల రాపిడికి నునుపెక్కును. ఇటుకలను నిలువుగా పేర్చిన నేల జారదు గాని, సందులలో మూత్రము నిలుచును. చివరకు సిమెంటు కాంక్రీటే మేలని తోచినది.

అక్కడనే మేము పొరపాటు చేసినాము. ఖర్చు పెట్టిన నేల ఇంటి వసారావలె మెరయవలెనని తాపీమేస్త్రి వెంటబడి నున్నగా రుద్దించినాము. అతడు వద్దనియే అన్నాడు. మొదటి వానకు కర్రి ఆవు జారి, వెనుక కాళ్ళు రెండు ప్రక్కలకు చీలి కూలబడినది. నలుగురు పట్టి లేపవలసి వచ్చినది. మూడు వారములు అది సరిగా నడవలేదు. తరువాత అదే మేస్త్రిని పిలిచి, ఉలితో ఆ నునుపంతయు చెక్కించి, రెండవసారి కూలి ఇచ్చుకొన్నాము. పచ్చిగా ఉండగనే ఈనెల చీపురుతో అడ్డముగా గీసి, అర అంగుళము లోతున చారలు తీయించియున్న, ఆ కూలి మిగిలెడిది.

లెక్కలోనికి వత్తము. కప్పు క్రింద ఒక ఆవునకు 3.5 చదరపు మీటర్లు, గేదెకు 4 చదరపు మీటర్లు చోటు కావలెనని ప్రమాణము. నాలుగు ఆవులకు సుమారు 150 చదరపు అడుగులు. నేలను చుట్టుప్రక్కల కంటె అడుగు ఎత్తు లేపి, ఆరంగుళముల గ్రావెలు పోసి తడిపి కొట్టి, దానిపై నాలుగంగుళముల కాంక్రీటు వేయవలెను. ఒకటి, రెండు, నాలుగు పాళ్ళలో కలిపినచో తొమ్మిది బస్తాల సిమెంటు, 22 ఘనపుటడుగుల ఇసుక, 44 ఘనపుటడుగుల కంకర పట్టును. ధరలు ఏ వారమున కా వారము మారును గాని ఈ కొలతలు మారవు. వీటిని కాగితము మీద వ్రాసికొని దుకాణమునకు పోవుట మంచిది.

ఆవు నిలుచు అయిదడుగుల నిడివికి అంగుళమున్నర వాలు చాలును. వాలు ఎక్కువయినచో చూలు ఆవులకు మాయ జారు భయము కలదు. కర్రరాటల చుట్టు కాంక్రీటు బిగించరాదు. ఆ సందున నీరు నిలిచి నేలమట్టము వద్ద రాట కుళ్ళును. రాటకు తారు పూసి, సందును కూడ తారుతో నింపవలెను. కప్పు వేసిన తరువాతనే నేల పోయుట మేలు. నీడలో పదిరోజులు తడుపవలెను; 28 రోజులు నిండిన పిదప పశువులను కట్టవచ్చును. ఆ నెల రోజులు వాటిని ఎక్కడ కట్టుదురో ముందే చూచుకొనవలెను. మేము చింతచెట్టు క్రింద కట్టినాము.

డబ్బు మాట. 2024-25లో మన రాష్ట్రమున ఉపాధి హామీ నిధులతో గోకులముల పేర పశువుల శాలలు కట్టించిరి. రెండు పశువుల శాలకు 1.15 లక్షలు, నాలుగింటికి 1.85 లక్షలు, ఆరింటికి 2.30 లక్షల రూపాయల అంచనా. అందులో రైతు పెట్టినది పదవవంతు. అనగా మావంటి వారికి 18,500 రూపాయలు. మా పాక అంతకు ముందే లేచినందున మాకది అందలేదు. ఏ ప్రభుత్వ పథకమున కట్టినను కొలిచిన పనికే బిల్లు వచ్చును గనుక, గ్రావెలును కొలిపించక మునుపు కాంక్రీటుతో కప్పివేయరాదు. అంచనాలో నేల మందము ఎంత వ్రాసినారో కూడ అడుగవలెను.

కిసాన్ క్రెడిట్ కార్డును 2019లో పశుపోషకులకు కూడ వర్తింపజేసిరి. అది దాణా, మందుల వంటి నిత్యవ్యయములకై ఇచ్చు అప్పు. దానిని తీసి నేలలో పోసినవారు వేసవిలో దాణాకు మరల వడ్డీవ్యాపారి గడప త్రొక్కుట చూచినాము. మేము మాత్రము ఒక సంవత్సరము వెనుక సగమునకు, మరుసటి ఏట ముందు సగమునకు, పాలడబ్బుతోనే నేల వేసినాము. అతుకు కనిపించును, ఆవులకు దానితో పనిలేదు.

మూత్రము వృథా పోకుండ వెనుక కాలువ చివర ఒక గుంట తీసి, అందులో ఊడ్చిన గడ్డి, చెత్త వేయుచున్నాము. పాకలో తూర్పు మూలను మాత్రము మట్టిగానే ఉంచినాము. ఈననున్న ఆవును అక్కడ కట్టుదుము.